బంజరు, కలుపు, చెత్త చేప

మన క్లబ్ మేగజైన్‌లో సామెతల మీద, మాండలికాల మీద సీనియర్లు చాలా రాశారు. నేను మూడు మాటలు తీసుకున్నాను. మూడింటి అర్థం దాదాపు ఒక్కటే, పనికిరానిది అని. పనికిరాని నేలని బంజరు అంటారు. పనికిరాని మొక్కని కలుపు అంటారు. పనికిరాని చేపని చెత్త చేప, ఇంగ్లీష్‌లో అయితే ట్రాష్ ఫిష్ అంటారు. విచిత్రం ఏంటంటే ఈ మూడింటి మీద ఆధారపడి వండుకునే ఇళ్ళు మన చుట్టూ బోలెడు ఉన్నాయి. తిండి కోసం, చేపల వేట కోసం, వాతావరణం కోసం జరిగిన ఉద్యమాల గురించి చదువుతూ పోతే నాకు కనిపించింది ఇదే. జెండాలూ దీక్షలూ తర్వాత వస్తాయి. గొడవ మొదలయ్యేది మాత్రం ఎవరో రికార్డులో రాసిపెట్టిన ఇలాంటి ఒక మాట దగ్గర.

నేను సీఎస్ఈ, చదివిందంతా ఇంగ్లీష్ మీడియం. దాని వల్ల ఒక లాభం ఉంది. రెవెన్యూ తెలుగు నాకు పరాయి భాషలా కనిపిస్తుంది, కాబట్టి ప్రతి మాట దగ్గరా ఆగి "అసలు దీనర్థం ఏంటి" అని అడగాల్సి వస్తుంది. పైగా మెషీన్ లెర్నింగ్‌లో అందరం వినేదే, లేబుల్ ఎలా ఇస్తే మోడల్ అలాగే నేర్చుకుంటుంది. హైదరాబాద్‌లోని నేషనల్ రిమోట్ సెన్సింగ్ సెంటర్, కేంద్ర భూవనరుల శాఖ కలిసి వేస్ట్‌ల్యాండ్స్ అట్లాస్ ఆఫ్ ఇండియా అని ఒకటి తెస్తుంటాయి. ఉపగ్రహ చిత్రాలు చూసి దేశంలోని "వృథా భూముల్ని" 23 రకాలుగా విడదీస్తారు. రాళ్ళ నేలలు, ఇసుక మేటలు సరే. నీళ్ళు నిలిచే బురద నేలలు కూడా ఆ లిస్టులో ఉన్నాయి. పాడైన పశువుల మేత భూములు ఉన్నాయి. పోడు వ్యవసాయం చేసే భూములు ఉన్నాయి. మంచు కప్పిన ప్రాంతాలు కూడా ఉన్నాయి, అంటే ఈ లెక్కన హిమాలయాల్లో కొంత భాగం కూడా వేస్టే! పటం గీసినవాళ్ళని తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు, అది నిజంగా కష్టమైన పని. కానీ అక్కడ పొద్దున్నే ఎవరు వల వేశారో పిక్సెల్ చెప్పదు కదా.

ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా మ్యాప్ తెరిచి సోంపేట దగ్గర జూమ్ చేయండి. ఒకవైపు బంగాళాఖాతం, బారువ తీరం. ఇంకోవైపు కొబ్బరి, జీడిమామిడి తోటల ఉద్దానం. వీటి మధ్య పల్లంగా ఉన్న చిత్తడి నేలలున్నాయి. అక్కడివాళ్ళు వాటిని బీల అంటారు. వానలు పడితే చుట్టుపక్కల నీళ్ళన్నీ బీలలోకి చేరతాయి. ఆ నీళ్ళతో వరి పండిస్తారు, ఆ నీళ్ళలోనే చేపలు పడతారు, నీళ్ళు తగ్గాక మొలిచే గడ్డి పశువులు మేస్తాయి. ఒకే చోటు ఏడాది తిరిగేసరికి చెరువు, పొలం, పచ్చిక మూడూ అవుతుంది. టేబుల్‌లో మాత్రం "భూమి రకం" అనే కాలమ్‌లో ఒక్క విలువే పడుతుంది. అక్కడే చిక్కు వచ్చింది.

బీలలో 2640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం కట్టాలని ఒక ప్రైవేట్ కంపెనీ వచ్చింది. ప్రభుత్వం భూమి కేటాయించింది. కాగితాల్లో అది ఎవరికీ అక్కరలేని ప్రభుత్వ భూమి. 2009లో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది, జనం వద్దన్నారు. అదే ఏడాది డిసెంబర్‌లో కేంద్రం నుంచి పర్యావరణ అనుమతి వచ్చేసింది. రైతులు, మత్స్యకారులు కలిసి రిలే నిరాహార దీక్షలకి కూర్చున్నారు. మామూలుగా రైతు సమస్య వేరు, మత్స్యకారుల సమస్య వేరు, సంఘాలూ వేరు. ఇక్కడ రెండు వర్గాలనీ కలిపింది బీలే, ఎందుకంటే రెండు వర్గాల అన్నమూ అందులోనే ఉంది. విశాఖలో ఉండే మాజీ ఐఏఎస్ అధికారి ఇ.ఎ.ఎస్. శర్మ లాంటివాళ్ళు వాళ్ళ తరఫున ఢిల్లీకి ఉత్తరాల మీద ఉత్తరాలు రాశారు. ఆయన ఒకప్పుడు కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా చేసినాయన. కరెంటు వద్దనే మనిషి అని ఆయన్ని ఎవరూ అనలేరు.

ఇది చదువుతున్నప్పుడు నన్ను బాగా పట్టుకున్నది వాళ్ళ వాదన నడిచిన తీరు. మాకు పరిహారం పెంచండి అనే దగ్గర మొదలుపెట్టి ఉంటే అది బేరం అయ్యేది. వాళ్ళు మొదలుపెట్టింది, ఇది బంజరు అని రాశారు, వచ్చి చూడండి, ఇది బీల అని. జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ దాకా వెళ్ళారు. చివరికి అథారిటీ ఆ అనుమతిని రద్దు చేసింది. రద్దు చేసిన తేదీ 2010 జూలై 14. సరిగ్గా అదే రోజు సోంపేటలో ప్లాంటు పనులు మొదలుపెట్టడానికి వచ్చినప్పుడు జనం అడ్డుకున్నారు, పోలీసు కాల్పులు జరిగాయి, ప్రాణాలు పోయాయి. ఒకే రోజున ఢిల్లీలో కాగితం మీద మాట మారింది, సోంపేటలో ఆ మాట కోసం మనుషులు చనిపోయారు. ఈ రెండు వార్తల్నీ పక్కపక్కన పెట్టుకుని చదవడం నాకు చాలా కష్టంగా అనిపించింది. దీక్షలు ఆ తర్వాత కూడా ఏళ్ళ తరబడి నడిచాయి. ప్లాంటు రాలేదు. అదే జిల్లాలో కాకరాపల్లి దగ్గర 2011 ఫిబ్రవరి 28న ఇంకో థర్మల్ ప్లాంటు విషయంలో మళ్ళీ కాల్పులు జరిగాయి. అక్కడా గొడవ చిత్తడి నేల గురించే.

బంజరుకి అన్న లాంటి మాట ఇంకొకటి ఉంది, పోరంబోకు. మనం తిట్టుగా వాడతాం, పనీపాటా లేకుండా తిరిగేవాడు అని. అసలు అది తమిళం నుంచి వచ్చిన రెవెన్యూ మాట. "పురం" అంటే బయట. పన్ను లెక్కకి బయట ఉంచిన భూమి అన్నమాట. చెరువు పోరంబోకు, వాగు పోరంబోకు అని రికార్డుల్లో ఇప్పటికీ ఉంటాయి. ఊరందరిదీ కాబట్టి ఎవరి పేరునా పన్ను వేయకుండా వదిలేసింది, మెల్లగా ఎవరిదీ కాదు అనే అర్థంలోకి జారిపోయింది. బ్రిటిష్‌వాళ్ళ కాలంలో వేస్ట్ అనే మాటకి కూడా ఇదే గతి. శిస్తు రాని భూమి వేస్ట్. పంట రాలేదని కాదు, ఖజానాకి డబ్బు రాలేదని! చెన్నై దగ్గర ఎన్నూరు కడలి పాయలో థర్మల్ ప్లాంట్ల బూడిద చేరి మత్స్యకారుల వేట దెబ్బతింటుంటే, అక్కడి ఉద్యమకారులు ఈ తిట్టునే ఎత్తుకుని 2017లో టి.ఎం. కృష్ణ గొంతుతో ఒక పాట చేశారు. ఆ పాట పేరులోనే పోరంబోకు ఉంది. తిట్టుని తిరిగి సొంతం చేసుకోవడం అంటే అదే.

క్లైమేట్ జస్టిస్ అనే మాటని తెలుగులో వాతావరణ న్యాయం అని రాస్తున్నారు. నాకైతే ఆ మాటలో ఇంకా తర్జుమా వాసన పోలేదు. కానీ సోంపేట చూస్తే దాని అర్థం తేలిగ్గా తెలుస్తుంది. బొగ్గు కాలిస్తే వచ్చే కరెంటు ఎక్కువగా మనలాంటి వాళ్ళ ఊళ్ళకి, ల్యాబుల్లో ఏసీలకి వస్తుంది. బూడిద అక్కడే ఉంటుంది. పొగ గాలిలో కలిసి భూమిని వేడెక్కిస్తుంది, వేడెక్కిన సముద్రం తుపానులకి బలం ఇస్తుంది. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుపాను పలాసకి దగ్గర్లో తీరం దాటినప్పుడు ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు నేలకూలాయి. ఒక్క తుపానుని ఒక్క ప్లాంటుకి అంటగట్టలేం, అది శాస్త్రం కాదు. అయితే పొగ పెట్టినవాళ్ళ లిస్టు ఒకటి, చెట్టు కూలినవాళ్ళ లిస్టు ఇంకొకటి అని మాత్రం చెప్పగలం. కొబ్బరి మొక్క మళ్ళీ నాటితే కాపుకి రావడానికి ఏళ్ళు పడుతుంది. ఆ ఏళ్ళ బిల్లు ఎవరికి పంపాలి? ఉద్దానం వైపు ఈ మాటకి ఇంతకన్నా వివరణ అక్కర్లేదు అనుకుంటా.

సముద్రం నుంచి దూరంగా, సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ వైపు వెళ్తే రెండో మాట కలుస్తుంది. అక్కడ ఎర్ర నేలల్లో, వాన మీదే ఆధారపడి జొన్న, కంది, కొర్ర, అనుములు కలిపి వేస్తారు. ఆ చేలో ఎవరూ విత్తకుండానే మొలిచేవి కొన్ని ఉంటాయి. తుమ్మి, గునుగు, గంగవాయిలి, జొన్న చెంచలి, దొగ్గలి. వ్యవసాయ పుస్తకంలో ఇవన్నీ కలుపు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల ఆడవాళ్ళని అడిగితే ఇవన్నీ కూర. ఆ సంఘాల్లో ఎక్కువమంది దళిత మహిళలు. సొంత భూమి లేని మనిషి కూడా పక్క చేలోకి వెళ్ళి ఈ ఆకు తెంపుకోవచ్చు, ఎవరూ ఏమీ అనరు. అంటే ఇది ఆకుకూర మాత్రమే కాదు, భూమి లేనివాళ్ళకి వేరేవాళ్ళ భూమి మీద ఉన్న చిన్న హక్కు కూడా. కలుపు మందు కొట్టిన రోజున చచ్చేది ఆ హక్కే. గునుగు పువ్వు లేకుండా బతుకమ్మ పేర్చరు, కానీ అదే గునుగు పత్తి చేలో కనిపిస్తే మందు కొడతారు. నాకిది భలే వింతగా ఉంటుంది.

ఈ సంఘాలు 1990ల్లో చేసిన పని ఇంకా పెద్దది. బీడు పడిన చిన్న చిన్న చెలకల్ని మళ్ళీ సాగులోకి తెచ్చి జొన్న పండించి, ఆ జొన్నని ఊళ్ళోనే నిల్వ చేసి, పేద ఇళ్ళకి తక్కువ ధరకి ఇచ్చాయి. అంటే సొంత రేషన్ షాపు అన్నమాట. సర్కారు రేషన్‌లో ఎక్కడో పండిన బియ్యం వస్తుంటే వీళ్ళు ఇక్కడ పండే జొన్న పంచారు. ఎడ్లబండ్ల మీద విత్తనాలు ఊరూరా తిప్పే పాత పంటల జాతర వీళ్ళదే. మాచ్‌నూర్‌లో 2008లో మొదలైన సంఘం రేడియో కూడా వీళ్ళదే. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి సంస్థ ఇచ్చే ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. ఈ సంస్థని మొదలుపెట్టినవాళ్ళలో ఒకరైన పి.వి. సతీష్ 2023 మార్చిలో చనిపోయారు. అది అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరం కూడా.

చిరుధాన్యాలు అనగానే ఇక్కడ ఒక తిరకాసు ఉంది, నా వాదనకి ఇది కాస్త ఎదురు పోతుంది కూడా. జొన్న, సజ్జ, రాగి లాంటివాటిని ప్రభుత్వ కాగితాల్లో చాలా కాలం కోర్స్ గ్రెయిన్స్, అంటే ముతక ధాన్యాలు అన్నారు. 2013 ఆహార భద్రత చట్టం వచ్చినప్పుడు కూడా అందులో బియ్యం కిలో 3 రూపాయలు, గోధుమ 2 రూపాయలు, ముతక ధాన్యం 1 రూపాయి అని పెట్టారు. 2018లో కేంద్రం వీటికి న్యూట్రి సీరియల్స్ అని కొత్త పేరు పెట్టి గెజిట్ ఇచ్చింది. మంచిదే, రికార్డులో మాట మారింది. మరి కంచం మారిందా? ఇప్పుడు కొర్రలు, అరికెలు సూపర్ మార్కెట్‌లో మెరిసే ప్యాకెట్లలో ఉన్నాయి, ధర చూస్తే బియ్యం చాలా చవక అనిపిస్తుంది. ఆ పంటని కరువు కాలాల్లో బతికించుకున్న ఇంట్లో మాత్రం రేషన్ బియ్యమే ఉడుకుతోంది. మాట ఒక్కటే మారి, ఎవరు తింటారు, ఎవరికి లాభం అనేది మారకపోతే అది లేబుల్ మార్చడం వరకే. జహీరాబాద్ సంఘాలు చేసింది వేరు. వాళ్ళు పేరు మార్చలేదు, గింజ నిల్వ చేసే గాదెని తమ చేతిలో పెట్టుకున్నారు.

ఇక మూడో మాటకి వద్దాం. హాస్టల్‌లో ఎండు చేపలు తెచ్చుకుంటే కారిడార్ మొత్తం ముక్కు మూసుకుంటుంది కానీ, వాసన పక్కన పెట్టి చూడండి. ఎండు నెత్తళ్ళు, కవళ్ళు అంటే కూలి పని చేసుకునే ఇంట్లో చవకగా దొరికే ప్రొటీన్. ఫ్రిజ్ అక్కర్లేదు, నెలల తరబడి ఉంటాయి, పిడికెడు వేస్తే కుండెడు పులుసుకి రుచి వస్తుంది.

ట్రాలర్ వల సముద్రం అడుగున ఈడ్చుకుంటూ పోతుంది. వెతికేది రొయ్యల కోసం. వలలో పడేది మాత్రం అన్నీ. రొయ్య కాని చిన్న చేపలు, ఇంకా ఎదగని పిల్ల చేపలు కలిపి ఒక కుప్ప అవుతాయి. దానికి పెట్టిన పేరే ట్రాష్ ఫిష్. ఒకప్పుడు సముద్రంలోనే పారేసేవాళ్ళు. తర్వాత వాటిని ఎండబెట్టి పొడి చేసి కోళ్ళ దాణాలో, చేపల రొయ్యల మేతలో కలపడం మొదలైంది. దేశంలో రొయ్యల సాగులో ముందున్నది మన ఆంధ్రప్రదేశ్. అంటే ఇక్కడి పేదల పులుసులో పడాల్సిన చేప పొడిగా మారి, చెరువులో రొయ్యకి తిండి అయ్యి, ఆ రొయ్య అమెరికా వెళ్తుంది. చెత్త అని పేరు పెట్టకపోతే ఈ లెక్క ఇంత తేలిగ్గా నడిచేది కాదు. మనిషి తినే చేపని కోళ్ళకి వేస్తున్నాం అని రాయాల్సి వచ్చేది.

దీని మీద మొదట గట్టిగా పోరాడింది కేరళ సంప్రదాయ మత్స్యకారులు. ట్రాలింగ్ అక్కడికి 1950ల్లో ఇండో నార్వేజియన్ ప్రాజెక్టుతో వచ్చింది. 1980ల నాటికి చిన్న పడవలవాళ్ళకి చేప తగ్గిపోయింది. వానాకాలం చేపలు గుడ్లు పెట్టే కాలం, అప్పుడు ట్రాలింగ్ ఆపండి అని వాళ్ళు అడిగారు. ట్రాలర్ యజమానులు దానికి రుజువేదీ అన్నారు. ప్రభుత్వం ఒక కమిటీ వేసింది, తర్వాత ఇంకొకటి, తర్వాత ఇంకొకటి. ఈలోగా నిరాహార దీక్షలు, రోడ్ల దిగ్బంధాలు. 1988 నుంచి కేరళలో వానాకాలం ట్రాలింగ్ నిషేధం ప్రతి ఏటా అమలవుతోంది. 1989లో జాతీయ మత్స్యకారుల వేదిక రెండు తీరాల వెంట యాత్రలు చేసింది, తూర్పు తీరం యాత్ర బెంగాల్ నుంచి బయల్దేరింది. రెండూ మే 1న కన్యాకుమారిలో కలిశాయి. ఇవాళ మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మెకనైజ్డ్ బోట్లు ఒడ్డునే ఉంటాయి. వేసవి సెలవుల్లో వైజాగ్‌లో చేప రేటు ఎందుకు పెరుగుతుందో ఇప్పుడు అర్థమైందా? కేరళ ఇంకో అడుగు వేసి, సముద్ర మత్స్య పరిశోధన సంస్థ శాస్త్రవేత్తల సలహాతో ఏ చేప ఎంత పొడవు ఉంటేనే పట్టాలో కనీస సైజులు పెట్టింది. నూనె కవళ్ళకి అది 10 సెంటీమీటర్లు. అంటే కుప్పగా ఉన్న చెత్తకి మళ్ళీ ఒక్కో చేప పేరూ, ఒక్కో కొలతా వచ్చాయి. నాకు ఈ వ్యాసం మొత్తంలో బాగా నచ్చిన విషయం ఇదే.

మనం లైబ్రరీలో కూర్చుని చేయగలిగిన పని కూడా ఒకటుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, ఏదైనా పెద్ద ప్రాజెక్టుకి ప్రజాభిప్రాయ సేకరణ పెట్టేముందు రిపోర్టు సారాంశం స్థానిక భాషలో ఇవ్వాలి. సారాంశం మాత్రమే. వందల పేజీల అసలు రిపోర్టు ఇంగ్లీష్‌లో ఉంటే చాలు. "సైట్ ఈజ్ బ్యారెన్" లాంటి వాక్యం ఏ అధ్యాయంలోనో పడి ఉంటే బీలలో వల వేసే మనిషికి అది ఎలా తెలుస్తుంది? 2020లో ఈ నోటిఫికేషన్ స్థానంలో కొత్తది తేవాలని కేంద్రం ముసాయిదా పెట్టింది. జనం అభిప్రాయం చెప్పడానికి ఇచ్చే గడువు 30 రోజుల నుంచి 20 రోజులకి తగ్గించాలని అందులో ఉంది. ఆ ముసాయిదాని రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూల్‌లోని 22 భాషల్లోకి అనువదించాలని ఢిల్లీ హైకోర్టు 2020 జూన్ 30న చెప్పింది. అనువాదం అంటే కవితలకే అనుకునే మన క్లబ్‌కి ఇది సిలబస్‌లో లేని పని.

అందుకే నేనూ మా బ్యాచ్‌లో ఇద్దరమూ ఒక షీట్ మొదలుపెట్టాం. మూడే కాలమ్స్. రికార్డులో ఉన్న మాట, ఊళ్ళో వాడే మాట, అక్కడ దొరికే తిండి. మొదటి లైన్‌లో బంజరు, బీల, వరి చేపలు అని రాశాం. రెండో లైన్‌లో కలుపు, జొన్న చెంచలి, పప్పులో కూర. మీ ఊళ్ళో వాన నీళ్ళు నిలిచే చోటుని ఏమంటారో, చేలో దానంతటదే మొలిచే ఏ ఆకుని అమ్మమ్మావాళ్ళు వండుతారో, వలలో పడే చిన్న చేపకి రేవులో ఏం పేరుందో కనుక్కుని క్లబ్ మెయిల్‌కి రాయండి. స్పెల్లింగ్ గురించి బెంగ వద్దు, ఊళ్ళో ఎలా పలుకుతారో అలాగే రాయండి. వీలైతే మీభూమిలోనో భూభారతిలోనో ఆ సర్వే నంబర్ దగ్గర భూమి స్వభావం కింద ఏం రాసి ఉందో కూడా చూసి పంపండి. మూడో కాలమ్ మాత్రం ఖాళీగా వదలొద్దు.